గడియారం చిప్ ఆగినంత మాత్రాన మదర్‌బోర్డు పోయినట్టు కాదు

సంపాదక మహాశయులకు,

పాత ఎలక్ట్రానిక్ సామగ్రిని ఇళ్లలో పేర్చిపెట్టుకోకుండా పద్ధతిగా వదిలించుకోవడం ఎలాగో వివరిస్తూ మీ పత్రిక ఇటీవల ఒక వ్యాసం ప్రచురించింది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ మరిచిపోయి, హార్డ్ డిస్క్ కూడా లేదని చెప్పే పాత కంప్యూటర్లకు మదర్‌బోర్డు పోయినట్టేనని, వాటిని తుక్కు కింద ఇచ్చేయడమే మేలని అందులో ఒకచోట రాశారు. వ్యాసంలోని మిగతా సలహాలతో నాకు పేచీ లేదు. ఈ ఒక్క మాట మాత్రం సరికాదు. 1980ల చివరి నుంచి 1990ల మధ్య వరకు తయారైన యంత్రాల్లో ఈ లక్షణాలు కనిపించినప్పుడు మొదట అనుమానించవలసింది బోర్డును కాదు, బోర్డు మీద ఉన్న గడియారం చిప్‌ను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆ చిప్ లోపల మూసిపెట్టిన చిన్న బ్యాటరీని. పాత యంత్రాల మరమ్మతులో కొంత అనుభవం ఉన్నవాడిగా, ఆ బ్యాటరీ సంగతి, దాన్ని మార్చే తీరు మీ పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో కరెంటు తీసేశాక కూడా నడిచే గడియారం లేదు. అందుకే డాస్ (ఆ యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్) మొదలైనప్పుడల్లా తేదీని, సమయాన్ని మనిషినే అడిగేది. 1984 నాటి పీసీ ఏటీలో మోటొరోలా ఎంసీ 146818 అనే చిప్ ఆ పని అందుకుంది. దానిలోని 64 బైట్ల మెమరీలో మొదటి 14 గడియారానికి, దాని నియంత్రణకు పోగా, మిగిలిన 50 బైట్లలో ఫ్లాపీ రకం, హార్డ్ డిస్క్ రకం, మెమరీ పరిమాణం వంటి వివరాలు దాచుకునేవారు. ఆ మెమరీని కరెంటు లేనప్పుడు నిలబెట్టేందుకు 6 వోల్టుల లిథియం బ్యాటరీని పెట్టె లోపలి గోడకు వెల్క్రోతో అతికించి, వైరుతో బోర్డుకు తగిలించారు. అది అయిపోతే వైరు ఊడదీసి కొత్తది తగిలిస్తే సరిపోయేది, సోల్డరింగ్ ఐరన్ (టంకం వేసే కడ్డీ) ముట్టుకోవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆ తర్వాత డల్లాస్ సెమీకండక్టర్ సంస్థ డీఎస్ 1287, డీఎస్ 12887 చిప్‌లను తెచ్చింది. మోటొరోలా చిప్ చేసే పనినే చేస్తూ, దాని స్థానంలోనే కూర్చునే ఈ చిప్‌ల వీపు మీద 3 వోల్టుల లిథియం సెల్‌ను, సెకనుకు 32,768 సార్లు కంపించే క్రిస్టల్‌ను కూర్చి, మొత్తాన్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి మూసేశారు. మామూలు చిప్ కంటే ఎత్తుగా, నల్లటి దిమ్మెలా, పైన అలారం గడియారం బొమ్మతో కనిపించేది ఇదే. బెంచ్‌మార్క్ బీక్యూ 3287 వంటి ఇతర సంస్థల చిప్‌లు కూడా ఇదే తరహాలో వచ్చాయి. కరెంటు లేకపోయినా పదేళ్లకు పైగా సమాచారం నిలుస్తుందని తయారీదారు చెప్పిన మాట చాలావరకు నిజమే అయింది. ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి కనుక ఆ సెల్‌లు వరసగా చచ్చిపోతున్నాయి, అంతే.

ఈ రూపకల్పన వెనుక మంచి కారణాలే ఉన్నాయని ఒప్పుకోవాలి. క్రిస్టల్‌కూ చిప్‌కూ మధ్య సాగే సన్నటి రాగి గీతలు చుట్టుపక్కల సంకేతాల రొదకు త్వరగా లోనవుతాయి, దానితో గడియారం తప్పుతుంది. అన్నీ ఒకే దిమ్మెలో ఉంటే ఆ బెడద ఉండదు, బోర్డు మీద చోటూ కలిసొస్తుంది. పైగా ఈ దిమ్మె లోపలి సెల్ కారి బోర్డును తినేయదు. నా ఫిర్యాదు చిప్ చేసినవారి మీద కన్నా, పదేళ్ల ఆయుష్షు మాత్రమే ఉందని తెలిసిన వస్తువును సాకెట్ (చిప్‌ను గుచ్చి, తీయగలిగే అర) లేకుండా నేరుగా బోర్డుకు సోల్డర్ చేసిన మదర్‌బోర్డు తయారీదారుల మీదే ఎక్కువ. 24 పిన్నుల సాకెట్ ఒకటి వేసి ఉంటే ఈ లేఖలో సగం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

సెల్ చచ్చిందో లేదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. తేదీ 1980 జనవరి 1కి పోవడం, సీమాస్ (గడియారం చిప్‌లోని మెమరీ) చెక్‌సమ్ (సరిచూసే మొత్తం) తప్పిందని తెరమీద రావడం మామూలు సూచనలు. డాస్ వరకు వెళ్లగలిగితే ఇంకా నికరమైన పరీక్ష ఉంది. చిప్‌లోని రిజిస్టర్ డీ అనే బైట్‌లో అన్నిటికంటే పై బిట్ బ్యాటరీ స్థితిని చెబుతుంది. డీబగ్ ప్రోగ్రామ్ తెరిచి 70వ పోర్టుకు 0డీ అని పంపి, 71వ పోర్టును చదివితే (అంకెలన్నీ హెక్సాడెసిమల్‌లోనే) బ్యాటరీ బాగుంటే 80 వస్తుంది, చచ్చిపోయి ఉంటే 00 వస్తుంది. ఏ భాగమూ విప్పకుండా, ఏ పరికరమూ లేకుండా క్షణాల్లో తేలిపోయే ఈ పరీక్ష చేయకుండానే బోర్డును తప్పుపట్టడం అన్యాయం.

అయితే బ్యాటరీ పోతే తేదీ కదా పోవాలి, యంత్రం ఎందుకు ఆగుతుందని పాఠకులు అడగవచ్చు. ఆ కాలపు బయాస్‌లలో (యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రామ్‌లలో) చాలావాటికి హార్డ్ డిస్క్‌ను దానంతటదే గుర్తించే శక్తి లేదు. సిలిండర్లు, హెడ్‌లు, సెక్టార్లు ఎన్నో గడియారం చిప్ మెమరీలో రాసి ఉంటేనే డిస్క్ చదవగలవు. ఆ అంకెలు చెరిగిపోతే డిస్క్ ఆరోగ్యంగా ఉన్నా యంత్రానికి అది లేనట్టే. ఐబీఎం పీఎస్/2 శ్రేణిలో మైక్రో చానెల్ ఉన్న మోడళ్లు 161, 163 అనే తప్పు సంఖ్యలు చూపి, రిఫరెన్స్ డిస్కెట్ పెట్టి అమరిక మళ్లీ చేస్తే తప్ప ముందుకు కదలవు. ఆ డిస్కెట్ ఎప్పుడో పారేసినవారి చేతిలో ఆ యంత్రం పాడైనదానిలాగే కనిపిస్తుంది. సన్ సంస్థ స్పార్క్‌స్టేషన్లలో పరిస్థితి ఇంకా విచిత్రం. వాటిలోని ఎం48టీ02 వంటి గడియారం చిప్‌లోనే యంత్రం ఈథర్‌నెట్ చిరునామా, హోస్ట్ ఐడీ ఉంటాయి. సెల్ చావగానే యంత్రం తన గుర్తింపునే మరిచిపోతుంది, ఆ హోస్ట్ ఐడీకి ముడిపెట్టి లైసెన్స్ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కూడా పనిచేయడం మానేస్తుంది. కాబట్టి ఇంకా కొనప్రాణంతో ఉన్న యంత్రం ఎవరి దగ్గరైనా ఉంటే, మరమ్మతు సంగతి తర్వాత, ముందు సెటప్ తెరలోని ప్రతి అంకెనూ కాగితం మీద రాసుకోవాలి. డిస్క్ మీది లేబుల్‌ను నమ్ముకుని ఊరుకోకూడదు. ఎవరైనా వేరే అంకెలతో ఫార్మాట్ చేసి ఉంటే లేబుల్ పనికిరాదు.

ఇక మార్చడం. చాలామందికి మొదట తట్టేది అదే నంబరున్న చిప్‌ను వెతికి కొనడం. నిజంగా కొత్తది దొరికితే దానికి వంక పెట్టను. కానీ బజారులో కొత్తదని అమ్మేవాటిలో పాత బోర్డుల నుంచి పీకి, పై ముద్రను గీకి, మళ్లీ అచ్చేసినవి ఉంటున్నాయి. చిప్ మీద నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది, మొదటి రెండూ సంవత్సరం, చివరి రెండూ వారం. 9342 అని ఉంటే అది 1993లో 42వ వారంలో తయారైంది. దాని లోపలి సెల్, మీరు తీసేస్తున్న సెల్ ఒకే ఈడువి కావచ్చు. అసలు కొత్తదే దొరికినా దాన్ని మళ్లీ నేరుగా బోర్డుకు సోల్డర్ చేస్తే, మనం తిట్టుకున్న పనినే మన తర్వాత వచ్చేవారి కోసం మనమే చేసినట్టవుతుంది.

రెండో దారి, చిప్‌ను బోర్డు మీదే ఉంచి దాని పక్క గోడను గీకి, లోపలి సెల్‌ను తప్పించి బయట కొత్త సెల్ కట్టడం. ఈ చిప్‌లకు 24 పిన్నుల చోటు ఉన్నా కొన్ని పిన్నులు కిందికి కనిపించవు. అవి తయారీలోనే పైకి వంచి ఎపాక్సీలోకి పోనిచ్చినవి. 2, 3 పిన్నులు క్రిస్టల్‌కు, 16, 20 పిన్నులు సెల్‌కు కలుస్తాయి. అంటే సెల్ తీగలు 13 నుంచి 24 వరకు ఉన్న వరసలో దొరుకుతాయి. 1వ పిన్‌ను సూచించే చుక్క ఉన్న చివర పైకి వచ్చేలా చూస్తే కుడివైపు వరస అది. అందులో పైనుంచి ఐదోది 20, కింది నుంచి నాలుగోది 16. 20 ప్లస్, 16 మైనస్. ఆ రెండు చోట్ల ఎపాక్సీని కొద్దికొద్దిగా గీకితే లోహం మెరుస్తుంది. మెరిసిన తీగను అక్కడ తెంపి, చిప్ వైపు ఉన్న కొసకు సన్నటి వైరు సోల్డర్ చేసి, సీఆర్ 2032 బటన్ సెల్ హోల్డర్‌కు తీసుకుపోవాలి.

తెంపడం అన్న మాటను కొందరు తేలిగ్గా తీసుకుంటారు, అది ప్రమాదం. పాత సెల్‌ను అలాగే ఉంచి దానికి సమాంతరంగా కొత్తది కడితే, కొత్త సెల్ తన శక్తినంతా చచ్చిన సెల్‌లోకి పోస్తుంది. తిరిగి చార్జ్ చేయడానికి తయారు చేయని లిథియం సెల్‌లోకి అలా కరెంటు పోవడం మంచిది కాదు. అలాగే డ్రిల్‌తో లోతుగా, చూడకుండా పొడవడమూ తగదు. లోపల ఉన్నది లిథియం సెల్, లోహపు మొన దాన్ని తాకితే షార్ట్ అయి వేడెక్కుతుంది. ఎపాక్సీ ధూళి ఊపిరిలోకి పోకుండా మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆకారంలో అచ్చం సీఆర్ 2032లాగే ఉండే ఎల్ఐఆర్ 2032 అనే చార్జింగ్ సెల్‌ను పొరపాటున కూడా వాడకూడదు. నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ 4.2 వరకు పోతుంది, పైగా దాన్ని చార్జ్ చేసే ఏర్పాటు ఈ చిప్‌లో లేదు. సీఆర్ 2032 మాత్రం సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్. గడియారం తాగేది మైక్రో ఆంపియర్‌లో సగం చుట్టుపక్కల మాత్రమే కాబట్టి, లెక్క ప్రకారం దశాబ్దాలు రావాలి. సెల్ తనంతట తాను నీరసించడమే దాని ఆయుష్షుకు హద్దు.

చేయి తిరిగినవారికి ఈ గీకే పద్ధతి బాగానే ఉంటుంది. బోర్డు మీది సోల్డర్‌ను కదపనక్కరలేదు కనుక, చిప్‌ను ఊడదీసే ధైర్యం చాలనప్పుడు ఇదే సురక్షితం. అయినా నేను మూడో దారినే సిఫారసు చేస్తాను. సెల్, క్రిస్టల్ బయట ఉండే డీఎస్ 12885, బీక్యూ 3285 వంటి తోబుట్టువు చిప్‌ను, 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌ను, బటన్ సెల్ హోల్డర్‌ను ఒక చిన్న సర్క్యూట్ బోర్డు మీద పేర్చి, పాత చిప్ స్థానంలో గుచ్చడం ఆ దారి. ఇలాంటి చిన్న బోర్డుల నమూనాలను రూపకర్తలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. సొంతంగా చేయించుకోవచ్చు, చేసిపెట్టినవి కొనుక్కోవచ్చు. సెల్ అయిపోతే వేలితో తీసి కొత్తది పెట్టుకోవచ్చు. 1984 నాటి ఏటీలో ఉన్న సౌకర్యమే ఇది, ఇన్నేళ్లకు తిరిగి వచ్చింది. ఒక్క జాగ్రత్త: పేరు చివర ‘ఏ’ (A) అనే అక్షరం ఉన్న డీఎస్ 12887ఏ రకంలో 21వ పిన్ మెమరీని తుడిచేయడానికి ఉద్దేశించినది. ఆ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపి ఉన్న బోర్డులో ఆ రకం పెడితే సెట్టింగులు నిలవవు. పెట్టేముందు మల్టీమీటర్‌తో ఆ రంధ్రం ఎక్కడికి పోతుందో చూసుకోవాలి.

మూడో దారిలో అసలు కష్టం పాత చిప్‌ను ఊడదీయడంలో ఉంది, పనులు చెడేది కూడా ఇక్కడే. మదర్‌బోర్డు పలు పొరలది. 12వ పిన్ గ్రౌండ్, 24వ పిన్ 5 వోల్టులు. ఆ రెండూ లోపలి రాగి రేకులకు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఐరన్ వేడిని అవే తాగేస్తాయి. మిగతా పిన్నుల సోల్డర్ నీళ్లలా కరిగిపోయినా ఈ రెండు చోట్ల గట్టిగానే ఉంటుంది. అసహనంతో చిప్‌ను లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడి పిన్నుతో పాటు వచ్చేస్తుంది, మీ వ్యాసం చెప్పినట్టు బోర్డు నిజంగా పాడయ్యేది అప్పుడే. పాత సోల్డర్‌కు ముందు కాస్త కొత్త సోల్డర్, ఫ్లక్స్ (సోల్డర్ సాఫీగా పారేందుకు పూసే పదార్థం) చేర్చి కరిగించాలి. సోల్డర్ పీల్చే పంపుతో లాగేశాక ప్రతి పిన్నూ రంధ్రంలో అటూ ఇటూ ఆడుతోందో లేదో చూడాలి. ఆడని పిన్ ఒక్కటి ఉన్నా చిప్‌ను ముట్టుకోకూడదు. లోపలి సెల్ ఎలాగూ చచ్చిందే కనుక చిప్‌ను కాపాడాలనే మొహమాటం అక్కరలేదు. పిన్నులను పైన కత్తిరించి దిమ్మెను తీసేసి, మిగిలిన ముక్కలను ఒక్కొక్కటిగా వేడిచేసి లాగడం బోర్డుకు ఇంకా క్షేమం. భారీ ఐరన్ అవసరం లేదు, వేడి నిలకడగా ఉంచగలిగేది చాలు. తర్వాత ఆ రంధ్రాల్లో సాకెట్ తప్పక వేయాలి. పైన ఏ చిప్ పెడతారన్నది ఎవరిష్టం వారిది, సాకెట్ విషయంలో మాత్రం ఇష్టాయిష్టాలకు చోటు లేదని నా అభిప్రాయం.

అదే కాలపు మరికొన్ని బోర్డుల్లో దిమ్మె చిప్‌కు బదులు పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ కనిపిస్తుంది. దాని విషయంలో తొందర అవసరం. అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ కారి రాగి గీతలను తినేస్తుంది, యంత్రం ఇంకా నడుస్తున్నా సరే. కనిపించిన వెంటనే కత్తిరించి తీసేయాలి. కారిన చోట పలుచని వెనిగర్‌తో క్షారాన్ని విరిచి, నీటితో, ఆ తర్వాత ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. దాని స్థానంలో బటన్ సెల్ పెట్టేవారు, పాత బ్యాటరీని చార్జ్ చేసే సర్క్యూట్ బోర్డు మీద అలాగే ఉందని గుర్తుంచుకుని, సెల్‌లోకి కరెంటు వెనక్కి పోకుండా డయోడ్ ఒకటి అడ్డం పెట్టాలి. బయటి బ్యాటరీ కోసం నాలుగు పిన్నుల కనెక్టర్ ఉన్న బోర్డులో అయితే దాన్నే వాడుకోవడం మేలు.

మూసిపెట్టడం తప్ప ఆ రోజుల్లో వేరే మార్గం లేదన్న వాదన కొందరు చేస్తారు. అది నిలబడదు. ఎస్‌జీఎస్-థామ్సన్ సంస్థ తన గడియారం చిప్‌లలో కొన్నిటికి స్నాప్‌హ్యాట్ అనే ఏర్పాటు చేసింది. సెల్, క్రిస్టల్ రెండూ ఒక టోపీలో ఉంటాయి, చిప్ మీద నొక్కితే కూర్చుంటుంది, అయిపోతే పైకి లాగితే వస్తుంది. అంటే దారి తెలిసే వదిలేశారు. ఇప్పుడు ఐరోపా సమాఖ్య తన 2023 బ్యాటరీ నిబంధనల్లో, పరికరాల్లోని చిన్న బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా ఉండాలని, 2027 ఫిబ్రవరి 18 నుంచి అది అమల్లోకి వస్తుందని చెప్పింది. కరెంటు ఎడతెగకుండా అందవలసిన కొన్ని సందర్భాలకు మినహాయింపులూ ఇచ్చింది. ఆ మినహాయింపుల వెనక దాక్కుని మళ్లీ ఎపాక్సీ దిమ్మెలు చేసేవారు రేపు బయలుదేరవచ్చు. మీ పత్రికలో సాంకేతిక విషయాలు రాసేవారు ఆ వైపు ఒక కన్ను వేసి ఉంచాలని కోరుతున్నాను.

మార్పిడి పూర్తయ్యాక సెకన్లు కదలకపోతే కంగారు పడనక్కరలేదు. కొత్త చిప్‌ల ఆసిలేటర్‌ను (గడియారాన్ని నడిపించే సర్క్యూట్‌ను) ఫ్యాక్టరీలోనే ఆపి పంపుతారు, సెటప్‌లోకి వెళ్లి సమయం రాసి భద్రపరిస్తే చాలా బోర్డుల్లో అది నడవడం మొదలుపెడుతుంది. ఆపైన ప్లగ్ గోడ నుంచి పీకేసి, ఒక రాత్రి గడిచాక మళ్లీ చూడాలి. తేదీ, డిస్క్ వివరాలు నిలిచి ఉంటే పని అయినట్టే. నెలకు ఒక నిమిషం లోపు తేడా వస్తే అది చిప్ స్వభావం, దోషం కాదు. అంతకు మించి తప్పుతుంటే క్రిస్టల్‌ను అనుమానించాలి. తీసేసిన పాత దిమ్మెలో లిథియం సెల్ ఇంకా ఉంది కనుక దాన్ని ఇంటి చెత్తలోనో మంటలోనో వేయకుండా, పాత బ్యాటరీలు సేకరించేచోట ఇవ్వాలి. మీ వ్యాసంలోని మిగతా సలహాలు దానికి అక్షరాలా వర్తిస్తాయి.

ఇట్లు,
పాత కంప్యూటర్లు బాగుచేసే ఒక పాఠకుడు